అడుగువారు – ఇచ్చువారు

సాయంకాలము ఆరు గంటలగును. గృహస్థుడు ఆఫీసు నుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, కాఫీ గ్లాసు చేత పుచ్చుకొని కూర్చుండును. వీధి తలుపు చప్పుడగును. రసీదు పుస్తకముతో నలుగురు కుర్రవాళ్లు నిలిచియుందురు. వినాయక చవితి పందిరికి చందా. “పక్కింటివారు వెయ్యినూటపదహార్లు వ్రాసినారండీ” అని మొదటి పుట తెరచి చూపుదురు. వారు వెళ్లిన పది నిమిషములకు, మెడలో గుర్తింపు కార్డు వ్రేలాడుచుండగా ఒక యువకుడు వచ్చి, అనాథ బాలల చదువును గూర్చి చెప్పనారంభించును. అతడింకను గుమ్మము దిగకమునుపే ఫోను మ్రోగును. అవతలి యువతి మిగుల మర్యాదగా ఇంటి యజమానిని పేరుపెట్టి పలుకరించి, ఒక పసిబిడ్డకు గుండె శస్త్రచికిత్స జరుగవలసియున్నదనియు, రేపటిలోగా సొమ్ము సమకూడవలెననియు చెప్పును. ఆ మాటలు ముగించి ఫోను తెర వంక చూచినచో, అక్కడను గొట్టముల నడుమ పరుండిన బిడ్డ చిత్రమొకటి. దాని క్రింద సొమ్ము పంపుటకు క్యూఆర్ కోడు. ఇంటికి సరుకులు తెప్పించుకొన్నను, బిల్లుతోపాటు నాలుగు రూపాయలు అన్నదానమునకు చేర్చుదుమా అని మరియొక ప్రశ్న.

ఇట్టి సాయంకాలమును ఎరుగని ఇల్లు నేడు అరుదు. అడుగునది మంచి పనికే. అడుగువారిలో పెక్కురు మంచివారే. అయినను తలుపు మూసి లోపలికి వచ్చిన గృహస్థుని మనస్సులో పుణ్యము చేసితినన్న తృప్తి కనబడుట లేదు. ఇచ్చినవాడు “మోసపోతినేమో” అని గొణుగుకొనును. ఇయ్యనివాడు “పాపము చేసితినేమో” అని నొచ్చుకొనును. ఉభయులకును మిగులునది విసుగే. ఈ విసుగు కాఠిన్యమా? లేక దీనికి వేరొక కారణమున్నదా? నేటి ప్రసంగమున మనము విచారింపదలచినది ఈ సంగతినే.

ముందుగా ఒక మాట. యాచించుట మన దేశమునకు క్రొత్త కాదు. ఇచ్చుటయు క్రొత్త కాదు. మాధుకరము చేసికొనిన విద్యార్థులు, వారములు చెప్పుకొని ఏడిండ్లలో ఏడు దినములు భుజించి చదువుకొనిన పిల్లలు మన తాతల కాలమున ఊరూరను ఉండెడివారు. వారములబ్బాయి వచ్చు దినమేదో ఇల్లాలికి తెలియును. ఆ పిల్లవాడు ఎవరి కుమారుడో, ఏమి చదువుచున్నాడో, నిరుడు పరీక్ష తప్పినాడో లేదో తెలియును. అడుగువాడు, ఇచ్చువారు ఒకే వీధిలో ఒకరినొకరు చూచుకొనుచు బ్రదికిరి. గోదావరి లంకలలో, లంకల గన్నవరమున, డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము వండి వడ్డించి అన్నపూర్ణ అనిపించుకొనిరి. ఆకలిగొనినవాడు ఎదుట కూర్చుండును. విస్తరి ఎదుటనే నిండును. ఆకలి ఎదుటనే తీరును. ఇచ్చినది ఏమైనదను సందేహమునకు అచ్చట తావే లేదు.

ఒక ఇంటి అరుగు దాటి దేశమంతటికి సంబంధించిన కార్యములకు సొమ్ము కావలసివచ్చినప్పుడును, మన ప్రజలు వెనుదీయలేదు. 1921లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ సంఘము సమావేశమై, తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు ప్రోగు చేయవలెనని తీర్మానించినది. జూన్ నెలాఖరు గడువు. ఆ గడువునకు ఆ కోటి సమకూడినది. ఆ దినములలోనే గాంధీజీ కాకినాడకు వచ్చిరి. అప్పటికింకను పండ్రెండేండ్లు నిండని బాలిక దుర్గాబాయి, దేవదాసీ స్త్రీలను, ఘోషా స్త్రీలను ఆయన ప్రత్యేకముగా కలిసికొనవలెనని పట్టుబట్టినది. ఐదువేల రూపాయల నిధి సమర్పించినచో కొద్ది నిమిషములు సమయమిత్తుమని నిర్వాహకులు చెప్పిరి. ఆ సొమ్ము ఆ స్త్రీలు తమలో తామే ప్రోగుచేసికొనిరి. సభ అనుకొన్న నిమిషములకు మించి సాగినది. స్త్రీలు చేతుల గాజులు, మెడలోని నగలు తీసి యిచ్చిరి. ఆ బాలికయే తరువాత ఆంధ్ర మహిళా సభను స్థాపించి, జీవితమంతయు అడుగుచు, ఆ అడిగినదానిని ఆసుపత్రులుగాను, బడులుగాను చేసి చూపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్.

1951 ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబాభావే ఎదుట హరిజనులు తమకు ఎనుబది ఎకరములు కావలెననిరి. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరములు ఇచ్చెదననిరి. అడిగినదానికంటె ఇచ్చినది ఎక్కువ. 1952లో రాయలసీమ కరవు నాడు, 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచెత్తిన నాడు, సినిమా నటులు వీధులలోనికి వచ్చి జోలె పట్టగా, రిక్షా త్రొక్కువారు సైతము ఆ దినపు సంపాదన వేసిపోయిరి. ఆ జోలె చూచి విసుగుకొన్నవాడున్నట్లు మేము వినలేదు.

అట్లయినచో నేటి విసుగెక్కడిది? జనుల హృదయములు కుంచించుకొనిపోయినవని చెప్పుట సులభము. అది నిజము కాదని మా నమ్మకము. మారినది హృదయము కాదు, అడిగెడి పద్ధతి.

మొదటి మార్పు దూరము. బిడ్డ ఎక్కడివాడో తెలియదు. చిత్రమును పంపినవాడెవడో తెలియదు. సొమ్ము ఎవరి ఖాతాకు పోయినదో తెలియదు. రెండవ మార్పు సంఖ్య. పూర్వము సంవత్సరమునకు ఐదారు పర్యాయములు చాచబడిన చేయి నేడు దినమునకు ఐదారు పర్యాయములు చాచబడుచున్నది. మూడవది మిక్కిలి ముఖ్యము: అడుగుట ఒక వృత్తియైనది. వసూలు పనిని తాము చేయక ఏజెన్సీలకు అప్పగించు సంస్థలు పెక్కులున్నవి. గుమ్మము ముందు నిలిచిన యువకుడు తరచుగా ఆ ఏజెన్సీ జీతగాడు. ఇన్ని ఇండ్లు తిరుగవలెను, ఇందరిచేత సంతకము పెట్టింపవలెనని అతనికి లెక్క యుండును. అతని కన్నులలోని ఆదుర్దా అనాథ బాలుని గూర్చినది మాత్రమే కాదు, నెలాఖరును గూర్చినది కూడ. అతనిని నిందింపలేము. కాని ఆ ఆదుర్దాను మనమీదికి నెట్టిన పద్ధతిని ప్రశ్నింపవచ్చును.

ఈ బాధ మన ఒక్క దేశమునకే కలిగినది కాదు. ఇంగ్లండులో వీధులలో నిలిచి దారినపోవువారిని ఆపి చందాలడుగు జీతగాండ్రకు జనులు ‘చగ్గర్’ అని పేరుపెట్టిరి. ధర్మమును తెలుపు ‘ఛారిటీ’, దారిదోపిడిగానిని తెలుపు ‘మగ్గర్’, ఈ రెండు మాటలను కలిపి అల్లినదా పేరు. ధర్మము పేరును దొంగతనము పేరును ఒక్క మాటలో ముడిపెట్టునంతటి విసుగు జనులలో పుట్టినదన్నమాట. అదే దేశమున బ్రిస్టల్ నగరమున ఆలివ్ కుక్ అను వృద్ధురాలుండెడిది. సైనికుల సహాయ నిధికై ఎర్రని పాపీ పూవులు 76 సంవత్సరములు అమ్మిన ధర్మాత్మురాలు. ఎవ్వరడిగినను లేదనలేని స్వభావము. 2015 మే నెలలో, 92వ యేట, ఆమె మరణించినది. తరువాత జరిగిన విచారణలో, చందాలు కోరు 99 సంస్థల పుస్తకములలో ఆమె పేరు ఉన్నదనియు, వానిలో పదింట ఏడు సంస్థలు ఆ పేరును ఇతరుల వద్దనుండి సంపాదించుకొన్నవనియు తేలినది. ఆమె మరణమునకు ఆ ఉత్తరములు కారణము కావని కుటుంబమువారు స్పష్టముగా చెప్పిరి; కాని ఆ ఉత్తరముల తాకిడి మితిమీరినదనియు చెప్పిరి. దేశము కలతపడినది. 2016లో చందాల వసూలును అదుపుచేయుటకు ఒక నియంత్రణ సంస్థ ఏర్పడినది. ఫలాన సంస్థ నన్ను ఇకమీదట అడుగరాదని పౌరుడు తెలుపుకొను ఏర్పాటు 2017లో వచ్చినది.

ఇందు గమనింపవలసినది ఒకటి కలదు. లేదనలేనివారి పేరే చేతులు మారును. ఒకసారి ఇచ్చినవాని పేరు ఇయ్యనివాని పేరుకంటె విలువైన సరకు. కనుక దాతృత్వమునకు ఫలముగా లభించునది మరికొన్ని పిలుపులు! దయగలవానికే శిక్ష పడునట్టి ఈ ఏర్పాటు ఏ ధర్మమునకును శోభ కాదు.

మన దేశమున వాణిజ్య సందేశములు వలదని టెలిఫోను చందాదారుడు 1909 సంఖ్యకు తెలుపుకొనవచ్చును. కాని సాధారణమైన సంఖ్యల నుండి వచ్చు పిలుపులకు ఆ కంచె అంతగా అడ్డురాదు. అమెరికాలో 2003లో అట్టి పట్టికనే ఏర్పరచినప్పుడు ధర్మ సంస్థల పిలుపులను దాని నుండి మినహాయించిరి. చట్టము ఎచ్చటనైనను ధర్మము ఎదుట కొంత సంకోచించును. అది సహజమే.

ఈ విషయమును పండితులు పరీక్షించి చూచినారు. 2012లో ప్రకటింపబడిన ఒక అమెరికా పరిశోధనలో, షికాగో పరిసరములందు చందాలకు ఇంటింటికి మనుష్యులను పంపిరి. కొన్ని ఇండ్లకు మాత్రము, రేపు ఫలాన వేళకు వత్తుమని ముందుగా చీటీ తగిలించిరి. చీటీ చూచిన ఇండ్లలో తలుపు తెరచువారు నూటికి 9 మొదలు 25 వరకు తగ్గిరి. రావలదని గురుతు పెట్టుటకు ఆ చీటీలోనే వీలు కల్పించినప్పుడు, వచ్చిన చందాలు నూటికి 28 మొదలు 42 వరకు తగ్గినవి. దీని అర్థము తేటతెల్లము. మన మిచ్చుదానిలో కొంత భాగము దయవలన ఇచ్చునది. కొంత భాగము ఎదుట నిలిచిన మనిషి ముఖము చూచి కాదనలేక ఇచ్చునది. మొదటిదానిలో సుఖమున్నది. రెండవదానిలో విసుగున్నది.

అయినను ఈ కథకు రెండవ ప్రక్క కూడ కలదు. బోస్టన్ సమీపమున ఒక బజారు గుమ్మము కడ చందాల గంట వాయించు మనిషిని నిలిపి, మరియొక పరీక్ష చేసిరి. అతడు ఊరక గంట వాయించునప్పటికంటె, నోరు తెరచి “ఇయ్యండి” అని అడిగినప్పుడు ఎక్కువ సొమ్ము వచ్చినది. అదే సమయమున ఎందరో అతనిని తప్పించుకొని వేరు గుమ్మము నుండి పోయిరి. అడగనిదే అమ్మయినా పెట్టదని మన సామెత. అడుగుట మానినచో ఎన్నో ఆశ్రమముల పొయ్యి వెలుగదు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చిన తరువాత ఎందరో పేదలకు పెద్ద శస్త్రచికిత్సలు ఉచితముగా జరిగినవి; కాని ఆసుపత్రికి పోవు ఆటో ఖర్చు, బయట కొనవలసిన మందులు, పనికి పోని దినముల కూలి ఏ పథకమునను పూర్తిగా ఇమిడినవి కావు. అవసరము నిజమైనది. అందుచేత తలుపులు మూసికొనుట మందు కాదు.

ఈ మాట మేము పుస్తకము చూచి చెప్పుట లేదు. మా ఇంట జరిగిన ఒక చిన్న సంగతి మనవి చేసెదము. మా వీధి చివర ఒక వృద్ధుడు బండి పెట్టుకొని బట్టలు ఇస్త్రీ చేయును. ఇరువది సంవత్సరములుగా మా చొక్కాలు ఆయన చేతి మీదుగానే వచ్చుచున్నవి. నిరుటి శ్రావణమాసమున ఒకనాటి రాత్రి, అప్పటికి ముగ్గురు చందాలవారిని, రెండు ఫోను పిలుపులను దాటించి, మేము భోజనమునకు కూర్చుంటిమి. గేటు చప్పుడైనది. మేము లేవనైన లేవక, లోపలి నుండియే “మొన్ననే ఇచ్చినామండీ, ఇంక లేదు” అని కేక వేసితిమి. గేటు మరల మెల్లగా మూసిన చప్పుడు వినబడినది. అన్నము తినుచునే ఉంటిమి.

మరునాడుదయము పాలవాడు చెప్పగా తెలిసినది. వచ్చినది ఆ వృద్ధుడు. భార్యను ఆసుపత్రిలో చేర్చి, బయట కొనవలసిన మందుల చీటీ పట్టుకొని వచ్చినాడట. మా గేటు నుండి తిరిగిపోయి, ఆమె చెవి దుద్దులు కుదువబెట్టి మందులు కొన్నాడట. మేము సిగ్గుతో బండి వద్దకు పోతిమి. “రాత్రి వచ్చింది నువ్వని తెలియలేదు తాతా” అంటిమి. ఆయన ఇస్త్రీ పెట్టె ప్రక్కకు పెట్టి, “దానికేముంది బాబూ, మీరు అలిసిపోయి ఉన్నారనుకున్నా. రోజూ ఎంతమందికని ఇస్తారు?” అనెను. మేము దుద్దులు విడిపించుటకు సొమ్మిచ్చితిమి. ఆయన పుచ్చుకొనుటకు రెండు దినములు పట్టినది. పుచ్చుకొని, నెలనెల ఇస్త్రీ కూలిలో తగ్గించుకొనుమని పట్టుబట్టెను. ఆమె కోలుకొన్నది. కాని ఆ రాత్రి మూసికొన్న గేటు చప్పుడు మా చెవిలో ఇంకను ఉన్నది.

ముఖము తెలియని నూరు పిలుపులు వినివిని, ముఖము తెలిసిన ఒక్క పిలుపును వినలేకపోయితిమి. నిర్విరామముగ అడుగుటవలన కలుగు నష్టము జేబుకు కాదు, చెవికి. ఎప్పుడును మ్రోగు గంట ఎవ్వరికిని వినబడదు.

ఏమి చేయవలెను? అడుగువారికి మా మనవి మూడు మాటలు. మరల అడుగుటకు ముందు, నిరుడు ఇచ్చినదేమైనదో లెక్క చెప్పుడు. పోచంపల్లిలో మొదలైన భూదానమున వచ్చిన భూములెన్నో సేద్యమునకు పనికిరాకయో, పట్టా కాకయో, వివాదములలో చిక్కియో పేదకు అందకపోయినవి. ఆ ఉద్యమపు గొప్పతనమును అది తుడిచివేయలేదు గాని, ఇచ్చుటతో దానము ముగియదు, చేరుటతో ముగియునని మనకు నేర్పినది. రెండవది, ఇచ్చినవాని పేరు, ఫోను సంఖ్య మరియొకరికి ఇయ్యకుడు. అది అతడు మీకు చేసిన దానము కాదు. మూడవది, రోగియైన బిడ్డ ముఖమును వీధి గోడకు అంటించు ప్రకటనగా చేయకుడు. ఒక్క బిడ్డ చిత్రము చూచినచో జనులు ఎక్కువగా ఇత్తురని, వేలమంది లెక్కలు చెప్పినచో తక్కువగా ఇత్తురని 2007లో వెలువడిన ఒక పరిశోధన తేల్చినది. నిజమే. కాని ఆ బిడ్డ రేపు పెరిగి పెద్దవాడై ఆ చిత్రమును చూచుకొనును.

ఇక మనము, ఇచ్చువారము. దానమునకు దేశము, కాలము, పాత్ర చూడవలెనని పెద్దలు చెప్పిన మాట అడుగువానిని అవమానించుటకు కాదు, ఇచ్చువానికి స్థిమితము కలిగించుటకు. సంవత్సరాదినాడు ఇంటిల్లిపాది కూర్చుండి, ఈ యేడు ధర్మమునకు ఇంత అని ఒక మొత్తము ఏర్పరచుకొందము. మనకు తెలిసిన, మనము పోయి చూడగల రెండు మూడు సంస్థలను ఎంచుకొని ఏటేట వానికే ఇత్తము. రసీదు అడుగుదము, రసీదడిగినచో నొచ్చుకొను సంస్థకు ఇయ్యకున్నను దోషము లేదు. నగదుగా 2000 రూపాయలు మించి ఇచ్చినదానికి ఆదాయపు పన్నులో మినహాయింపు రాదని 2017 నుండి నియమము. పెద్ద మొత్తము బ్యాంకు ద్వారా పంపుటయే ఉభయులకును మంచిది. ఫోనులో తొందరపెట్టువారికి “మీ సంస్థ పేరు, నమోదు సంఖ్య చెప్పండి, విచారించి మేమే పంపుతాము” అని శాంతముగా చెప్పవచ్చును. నిజమైనవారు చెప్పుదురు. “మొన్ననే ఇచ్చినాము” అను అబద్ధముకంటె “ఈ యేటికి మేము ఇయ్యదలచినది ఇచ్చివేసితిమి” అను నిజము తేలిక. అది చెప్పుటలో సిగ్గు లేదు.

మరియొకటి. ఆ ఏర్పరచుకొన్న మొత్తములో నాలుగవ వంతు ఎవ్వరికిని కేటాయింపక పెట్టెలో ఉంచుదము. అది పేరు లేని భాగము. రసీదు పుస్తకము లేనివాని కొరకు, అడుగుట చేతకానివాని కొరకు, రాత్రివేళ గేటు వద్ద మందుల చీటీతో తటపటాయించువాని కొరకు. పన్ను మినహాయింపు దానికి రాదు. కాని డొక్కా సీతమ్మగారి విస్తరికిని పన్ను మినహాయింపు లేదు.

చందాల గంటలు ఇంకను మ్రోగుచునే యుండును. వానిని ఆపుట మన చేతిలో లేదు. ఏ గంటకు లేవవలెనో ముందుగా నిర్ణయించుకొనుట మాత్రము మన చేతిలో ఉన్నది. అట్లు నిర్ణయించుకొన్న ఇంటివారు, గేటు చప్పుడైనప్పుడు లోపలి నుండి కేకవేయరు. లేచి వచ్చి, వచ్చినదెవరో చూతురు. ఇప్పుడు మా ఇంట ఆ మాత్రపు అలవాటు చేసికొంటిమి. మీరును చేసికొందురని ఆశించుచు సెలవు తీసికొనుచున్నాము.